ఇద్దరి జీవితాలను ఒక్కరివిగా చూపకండి: గ్రంథాలయాలకు, డేటాబేస్ ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గ్రంథాలయాధికారులకు, రిఫరెన్స్ విభాగాల గ్రంథపాలకులకు, జీవిత వివరాల డేటాబేస్‌లను తయారుచేసి అందిస్తున్న ప్రచురణ సంస్థల సంపాదకులకు,

నమస్కారం.

పాత పుస్తకాల పునర్ముద్రణలకు రచయితల పరిచయాలు రాయడం నా పని. ఒక మనిషి ఎప్పుడు పుట్టారు, ఏం చదివారు, ఏ ఉద్యోగం చేశారు, ఎప్పుడు కన్నుమూశారు అన్న నాలుగు ముక్కలు నిర్ధారించుకోవడానికి, గ్రంథాలయాలు చందా కట్టి తెప్పించే డేటాబేస్‌ల ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని. అవే లేకపోతే రోజుల్లో అయ్యే పనికి నెలలు పట్టేవని నాకు తెలుసు. మీ శ్రమ మీద గౌరవం ఉంది కాబట్టే, కనిపించిన ఒక పొరపాటును సరిదిద్దమని గడిచిన పదహారు నెలల్లో ఒక గ్రంథాలయానికీ, ఆ డేటాబేస్ ప్రచురణకర్తకూ కలిపి ఐదు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి, అభ్యర్థన అందిందని కంప్యూటర్ తనంతట తాను పంపిన జవాబు వచ్చింది. తక్కిన నాలుగింటికి అదీ రాలేదు. వారి పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఈ లోపం ఆ రెండు సంస్థలతో ఆగేది కాదు గనుక మీ అందరినీ ఉద్దేశించి రాస్తున్నాను.

జరిగింది ఇది. ఒక వ్యాకరణ పుస్తకం రాసిన వ్యక్తి గురించి వెతుకుతుంటే, డేటాబేస్‌లో ఆయన పేరున ఒకే ఒక నమోదు కనిపించింది. జననం 1904, వృత్తి వైద్యం, రచనలు మూడు. వాటిలో మొదటిది అచ్చయిన సంవత్సరం 1911. ఏడేళ్ల పిల్లవాడు వ్యాకరణం రాయడు కదా అని అనుమానం వచ్చి, ఆ డేటాబేస్‌కు మూలమైన అచ్చు సంపుటాన్ని రిఫరెన్స్ విభాగంలో అడుగు బీరువాలోంచి తీయించుకుని చూశాను. ఎడమవైపు పుటలో ఒకే పేరుతో ఇద్దరున్నారు, ఒకరి కింద ఒకరు. పైనున్నది 1919లో మరణించిన ఉపాధ్యాయుడు, కిందున్నది వైద్యుడు. రెండు నమోదుల మధ్య వేలెడు ఖాళీ కూడా లేదు. పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ సన్నని ఖాళీ పోయింది, ఇద్దరూ ఒక్కరైపోయారు. ఉపాధ్యాయుడి జనన మరణాలు గల్లంతయ్యాయి, వైద్యుడి ఖాతాలో ఆయన రాయని పుస్తకం ఒకటి పడింది.

ఆ ఉపాధ్యాయుడి మనవరాలికి ఇప్పుడు ఎనభై దాటాయి. డేటాబేస్ పుటను ప్రింటు తీసి ఆమె చేతికిస్తే, కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "మా తాతయ్య డాక్టరు కాదు బాబూ, బడిపంతులు" అని కాగితం తిరిగి ఇచ్చేశారు. ఆ మాట రాసి పంపాను, అచ్చు పుట ఫొటో జతచేసి పంపాను. డేటాబేస్‌లో ఈనాటికీ 1904లో పుట్టిన వైద్యుడే 1911లో వ్యాకరణం రాస్తున్నాడు. ఈలోగా అదే తప్పు ఒక విద్యార్థి సిద్ధాంత గ్రంథంలోకీ, ఒక పుస్తక ప్రచురణకర్త జాబితాలోకీ చేరింది. ఇద్దరూ తమ ఆధారంగా చూపించింది ఆ డేటాబేస్‌నే.

నేను కోరేది ఒక్క నమోదు సవరణతో తీరేది కాదు. తెర మీద కనబడే ప్రతి జీవిత వివరం ఎవరిది, ఎవరు చెప్పింది, ఎప్పుడు చెప్పింది అన్న మూడు సంగతులూ పాఠకుడికి కనబడాలి. అవి కనబడకపోవడం వల్ల మామూలు పాఠకులకు జరుగుతున్న నష్టాన్ని, నా అనుభవంలోకి వచ్చినంతవరకు, కింద వరుసగా రాస్తున్నాను.

1. పేరు దగ్గరే దారి తప్పుతున్నారు. విన్‌స్టన్ చర్చిల్ అనే పేరుతో ఒకే కాలంలో ఇద్దరు పుస్తకాలు రాశారు. ఒకరు 1871లో పుట్టిన అమెరికా నవలాకారుడు, మరొకరు 1874లో పుట్టి తర్వాత బ్రిటన్ ప్రధాని అయినవారు. పాఠకులు తికమకపడుతున్నారని 1899లో వారిద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. ఇకమీదట తన రచనల మీద విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్ అని వేసుకుంటానని రెండోవారు ఒప్పుకున్నారు. బతికున్న ఇద్దరు ఉత్తరాలతో తేల్చుకున్న ఈ చిక్కును, చనిపోయినవారి తరఫున తేల్చవలసింది కేటలాగు తయారుచేసేవారే. అందుకు కావలసిన ఏర్పాట్లు గ్రంథాలయ రంగంలో లేకపోలేదు. ఒక వ్యక్తి పేరుకున్న రూపాలన్నింటినీ ఒకచోట చేర్చే ప్రామాణిక నామ పట్టికలను జాతీయ గ్రంథాలయాలు చాలాకాలంగా నిర్వహిస్తున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే వి.ఐ.ఎ.ఎఫ్. ప్రయత్నం 2003లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జర్మనీ జాతీయ గ్రంథాలయం, గ్రంథాలయాల సహకార సంస్థ అయిన ఓ.సి.ఎల్.సి.ల ఒప్పందంతో ఊపందుకుంది. ఒక్కో సృజనకర్తకు 16 అంకెల సంఖ్య ఇచ్చే ఐ.ఎస్.ఎన్.ఐ. 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. పరిశోధకులు తమకు తామే నమోదు చేసుకునే గుర్తింపు సంఖ్య ఓర్కిడ్ కూడా అదే ఏడాది వచ్చింది. ఇన్ని ఉన్నా, నేను వాడిన జీవిత వివరాల డేటాబేస్‌లలో చాలావాటి సెర్చ్ బాక్సుకు ఈ పట్టికలతో సంబంధమే లేదు. కొట్టిన అక్షరాలతో సరిపోలితేనే మనిషి దొరుకుతాడు. ఇంటిపేరు ముందు రాసే భాషలున్నాయి, చివర రాసే భాషలున్నాయి, అసలు ఇంటిపేరే లేని సమాజాలున్నాయి. ఒక లిపిలోని పేరును మరో లిపిలో రాస్తే నాలుగు రకాలుగా వస్తుంది. పెళ్లితో పేరు మారిన స్త్రీల సంగతి మరీ కష్టం. పాత పత్రికల్లో వారు ఫలానా వారి భార్యగా, భర్త పేరుతోనే కనబడతారు. పుట్టింటి పేరుతో వెతికిన మనవడికి "ఫలితాలు లేవు" అన్న ఒక్క వాక్యం ఎదురవుతుంది. తాను వెతికిన తీరులో లోపం ఉందని అతనికి తోచదు. మా నాయనమ్మ గురించి ఎక్కడా ఏమీ లేదని నమ్మి ఇంటికి వెళ్లిపోతాడు.

2. సూచికను జీవితచరిత్ర అనుకుంటున్నారు. గేల్ సంస్థ తెస్తున్న బయోగ్రఫీ అండ్ జీనియాలజీ మాస్టర్ ఇండెక్స్ వంటివి ఎవరి వివరాలు ఏ గ్రంథంలో ఉన్నాయో చెప్పే సూచికలు మాత్రమే. మూలగ్రంథాల్లో పేరు, సంవత్సరాలు ఎలా ఉంటే అలాగే వాటిలో ఎక్కుతాయి కాబట్టి, ఒకే వ్యక్తి నాలుగైదు వరుసల్లో నలుగురైదుగురిలా కనబడతాడు. ఇది తెలిసిన గ్రంథపాలకులకు ఆ సూచిక గొప్ప సాధనం. తెలియని పాఠకుడికి అదొక చిక్కుముడి. వెతకడం సూచికతో మొదలుపెట్టి, అక్కడి నుంచి జీవితచరిత్ర నిఘంటువుకు, ఆ తర్వాత ఆ కాలపు పత్రికల్లోని మరణవార్తకు వెళ్లాలన్న వరుసను చెప్పే చిన్న కాగితం కూడా చాలా గ్రంథాలయాల్లో దొరకదు.

3. తేదీలకు వివరణ లేదు. జార్జి వాషింగ్టన్ పుట్టినప్పుడు అమలులో ఉన్న పాత క్యాలెండరు ప్రకారం ఆయన జన్మదినం 1731 ఫిబ్రవరి 11. కొత్త క్యాలెండరు ప్రకారం 1732 ఫిబ్రవరి 22. రెండూ సరైనవే. కానీ జనన సంవత్సరం దగ్గర ఫిల్టర్ పెట్టి వెతికే పాఠకుడికి రోజులతో పాటు ఏడాది కూడా మారిపోతుంది. అంత ప్రసిద్ధుడైతే ఎవరో ఒకరు చెబుతారు. ఊరూ పేరూ లేని మనిషి విషయంలో ఆ తేడా చూసి వీరిద్దరూ వేరనుకుంటారు, లేదా ఒకటి తప్పనుకుని కొట్టేస్తారు.

4. చెప్పిందెవరో తెలియదు. నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద లోపం ఇదే. బ్రిటన్‌లో 1849 నుంచి వస్తున్న ప్రముఖుల వివరాల గ్రంథం హూజ్ హూ, 1897 నుంచి జీవిత వివరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ వివరాలు ఎక్కువగా ఆయా వ్యక్తులే ప్రశ్నావళి నింపి పంపేవి. చెప్పకూడదనుకున్న పెళ్లిని, వదులుకున్న ఉద్యోగాన్ని వారు వదిలేయవచ్చు. అది ఆ గ్రంథం తప్పు కాదు, దాని స్వభావం. కానీ అదే సమాచారం పదిరకాల గ్రంథాలను కలిపిన డేటాబేస్‌లోకి వచ్చేసరికి, తన గురించి తాను చెప్పుకున్న మాటకూ, పండితుడు పరిశోధించి రాసిన మాటకూ తెర మీద తేడా లేకుండా పోతోంది. రెండూ ఒకే అక్షరాల్లో, ఒకే రంగులో కనబడతాయి. ఇంతకన్నా తీవ్రమైన ఉదాహరణ ఒకటుంది. 1887 నుంచి 1889 వరకు ఆరు సంపుటాలుగా వెలువడిన ఆపిల్టన్స్ సైక్లోపీడియా ఆఫ్ అమెరికన్ బయోగ్రఫీలో కొందరు వ్యాసకర్తలు లేని మనుషులను సృష్టించి, వారికి ప్రయాణాలూ గ్రంథాలూ కట్టబెట్టి రాశారు. 1919లో జాన్ హెండ్లీ బార్న్‌హార్ట్ అనే వృక్షశాస్త్ర పండితుడు అందులోని 14 మంది వృక్షశాస్త్రజ్ఞులు అసలు పుట్టనే లేదని బయటపెట్టారు. అంటే సంపుటాలు వచ్చిన ముప్పై ఏళ్ల వరకు ఆ లేని మనుషులు రిఫరెన్స్ బీరువాల్లో నిక్షేపంగా ఉన్నారు. తర్వాతి పరిశోధకులు ఆ జాబితాను ఇంకా పెంచారు. ఆ గ్రంథం స్కాన్ రూపంలో ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉంది. దాన్ని నేరుగా తెరిచిన విద్యార్థికి ఈ సంగతి చెప్పే హెచ్చరిక ఆ పుట మీద ఉండాలి కదా? లేనప్పుడు ఆ అబద్ధాన్ని నమ్మి రాసినందుకు మార్కులు పోగొట్టుకునేది ఆ విద్యార్థే.

5. ఎవరు లేరో చెప్పడం లేదు. ప్రతి సంకలనానికీ ఒక హద్దు ఉంటుంది. బ్రిటన్ జీవితచరిత్ర నిఘంటువు డిక్షనరీ ఆఫ్ నేషనల్ బయోగ్రఫీ 1885లో మొదలై 1900 నాటికి 63 సంపుటాలుగా పూర్తయింది. ఎందరో అర్హులు తప్పిపోయారని గుర్తించి, 1993లో 1,086 మందితో వారి కోసమే ప్రత్యేక సంపుటం వేశారు. 2004లో 60 సంపుటాలుగానూ, ఆన్‌లైన్‌లోనూ కొత్తగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ కూర్పులో 54,922 మంది జీవితాలున్నాయి, వారిలో స్త్రీలు సుమారు పదోవంతే. జీవించి ఉన్నవారెవరూ అందులో ఉండరు. పత్రికల సంగతీ అంతే. 1851 నుంచి వస్తున్న న్యూయార్క్ టైమ్స్, తన మరణవార్తల్లో చోటు దక్కని ప్రముఖులకు 2018 మార్చిలో ఆలస్యంగా నివాళులు రాయడం మొదలుపెట్టింది. వారిలో 1931లో మరణించిన పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఒకరు. అంతటి మనిషికే 87 ఏళ్లు పడితే, ఒక బడి నడిపిన స్త్రీ, ఒక కార్మిక సంఘం కట్టిన వ్యక్తి ఎంతకాలం ఆగాలి? తప్పును ఒప్పుకుని దిద్దుకున్న ఆ రెండు సంస్థలనూ మెచ్చుకుంటాను. నా బాధల్లా, ఏ కాలం, ఏ దేశం, బతికున్నవారా కాదా అన్న హద్దులు వెతికేచోట కనబడకపోవడం. కుటుంబ చరిత్ర కోసం వచ్చినవారు లేనిచోట రోజంతా వెతికి అలసిపోతున్నారు.

6. "పూర్తి పాఠం" అన్న మాట నిజం కాదు. ఫ్రీలాన్స్ రచయితల వ్యాసాలను వారి అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ డేటాబేస్‌లలో చేర్చకూడదని 2001లో అమెరికా సుప్రీంకోర్టు టసీనీ కేసులో తీర్పు చెప్పింది. రచయితల హక్కు నిలబడింది, అది న్యాయమే. ఆ తర్వాత ప్రచురణకర్తలు పెద్ద సంఖ్యలో పాత వ్యాసాలను డేటాబేస్‌ల నుంచి తీసేశారు. అచ్చులో ఉన్న వ్యాసం తెర మీద లేదన్నమాట. ఇక మసకబారిన పాత పత్రికలను స్కాన్ చేసినప్పుడు యంత్రం అక్షరాలను తప్పుగా చదవడం అందరికీ తెలిసిందే. తప్పు చదివిన పేరు ఎన్నిసార్లు వెతికినా దొరకదు.

7. తలుపు దగ్గరే ఆపేస్తున్నారు. ఈ డేటాబేస్‌లు సభ్యులకు, విద్యార్థులకు మాత్రమే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటాయి. విశ్వవిద్యాలయాల చందా ఒప్పందాల్లో చాలావాటిలో, గ్రంథాలయానికి స్వయంగా వచ్చినవారు అక్కడి కంప్యూటర్ల మీద వాడుకోవచ్చన్న నిబంధన ఉంటుంది. ఆ సంగతి కౌంటర్ దగ్గర ఉన్నవారికి తెలియదు, గోడ మీద రాసి ఉండదు. నన్నే మూడుచోట్ల తిప్పి పంపారు. చందా ఆగిననాడు ఇంకా ఘోరం. డేటాబేస్ ఉంది కదా అని అచ్చు సంపుటాలను తీసేసిన చోట, రెండూ లేకుండా పోతాయి. ఆ అడుగు బీరువాలోని సంపుటం కూడా ఆ ఏడాది తొలగించవలసిన పుస్తకాల జాబితాలో ఉందని అక్కడి ఉద్యోగి చెప్పారు. అది పోయి ఉంటే, ఇద్దరు మనుషులు ఒక్కరయ్యారని నిరూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

పై విషయాల దృష్ట్యా నా కోర్కెలు ఇవి.

ప్రచురణకర్తలకు:

1. ప్రతి నమోదు కింద మూలగ్రంథం పేరు, సంపుటం, పుట, ప్రచురణ సంవత్సరం చూపాలి. వ్యక్తి స్వయంగా ఇచ్చిన వివరమైతే ఆ మాట అక్కడే రాయాలి. నమ్మదగినవి కావని తేలిన గ్రంథాల నమోదుల మీద హెచ్చరిక ఉండాలి.

2. తప్పును తెలిపే బటన్ ప్రతి నమోదు పక్కన పెట్టాలి. అందిన ఫిర్యాదును 30 రోజుల్లో ఒక మనిషి చదివి, ఒప్పుకున్నారో లేదో కారణంతో జవాబివ్వాలి. సవరించినప్పుడు పాత పాఠం, సవరించిన తేదీ కనబడేలా ఉంచాలి. ఎందుకంటే పాత తప్పును ఉదహరించినవారికి అది ఎప్పుడు మారిందో తెలియాలి.

3. సెర్చ్ బాక్సును ప్రామాణిక నామ పట్టికలతో కలపాలి. ఫలితాలు లేనప్పుడు వేరే పేరు రూపాలను, పుట్టింటి పేరును, పక్క సంవత్సరాలను సూచించాలి. డేటాబేస్ హద్దులను, తొలగించిన వ్యాసాల సంగతిని మొదటి పుటలోనే చెప్పాలి.

4. జీవించి ఉన్నవారి ఇంటి చిరునామా, కుటుంబసభ్యుల వివరాల వంటివి వారు కోరితే తొలగించాలి. వ్యక్తుల నామ పట్టికల్లో లింగ వివరాన్ని నమోదు చేయవద్దని కేటలాగర్ల సహకార కార్యక్రమం పి.సి.సి. 2022లో చేసిన సిఫారసు ఈ దిశలో మంచి అడుగు. చనిపోయినవారి విషయంలో నిజం కోసం ఎంత పట్టుబడతామో, బతికున్నవారి విషయంలో అంత సంయమనం పాటించాలి.

గ్రంథాలయాధికారులకు, గ్రంథపాలకులకు:

5. ఒక మనిషి గురించి వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి, దొరకకపోతే ఎటు వెళ్లాలి అన్నది పాఠకుడి భాషలో ఒక్క పుటలో రాసి ప్రతి కంప్యూటర్ దగ్గర ఉంచండి. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది. మీరు చదువుకున్నదే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

6. బయటి పాఠకులకు ఒప్పందం ఏ మేరకు అనుమతిస్తుందో ముఖద్వారం దగ్గర బోర్డు మీద రాయండి. కౌంటర్ సిబ్బందికి చెప్పండి. చందా పునరుద్ధరణ సమయంలో ఈ నిబంధనను, చందా ఆగినా అప్పటివరకు కొన్న భాగం మీద శాశ్వత హక్కును పట్టుబట్టి రాయించుకోండి.

7. డేటాబేస్‌లోని పాఠాన్ని అచ్చు సంపుటంతో కొన్ని పుటలైనా పోల్చి చూడనిదే ఆ సంపుటాన్ని తొలగించకండి. తొలగించక తప్పకపోతే, కనీసం ఒక ప్రతి ఏదో ఒక గ్రంథాలయంలో నిలిచి ఉందని ముందు నిర్ధారించుకోండి.

8. పాఠకులు చెప్పిన తప్పులను మీ తరఫున ప్రచురణకర్తకు పంపండి. ఒంటరి పాఠకుడి ఉత్తరం కన్నా చందా కట్టే సంస్థ ఉత్తరానికి బరువెక్కువ. నా ఐదు ఉత్తరాల గతి చూశాక ఇది ఊహతో చెబుతున్న మాట కాదు.

ఈ కోర్కెల్లో కొన్నింటికి ఖర్చవుతుందని తెలుసు. అయిదు, ఆరు, ఎనిమిది సంఖ్యలవాటికి దాదాపు ఏమీ కాదు. ముందు వాటితో మొదలుపెట్టినా సంతోషిస్తాను. సవరణల విధానం గురించి ప్రచురణకర్తలు, బయటి పాఠకుల ప్రవేశం గురించి గ్రంథాలయాలు 60 రోజుల్లోగా బహిరంగంగా సమాధానం ఇవ్వాలని కోరుతున్నాను. ఇలాంటి తప్పులను చూసిన తోటి పాఠకులు అచ్చు పుట ఆధారంతో తమ గ్రంథాలయానికి రాతపూర్వకంగా తెలిపి, ఆ ఉత్తరం నకలు దాచుకోవాలని మనవి.

ఆ వ్యాకరణ పుస్తకం వచ్చే ఏడాది మొదట్లో అచ్చుకు వెళుతోంది. పరిచయం రాసేశాను. రచయిత పేరు పక్కన బడిపంతులు అని, మరణం 1919 అని వేసి, ఆధారంగా అడుగు బీరువాలోని సంపుటం పుట సంఖ్య ఇచ్చాను. అచ్చు ప్రతులు దిద్దే చివరి రోజు వరకు, సరిదిద్దిన మీ నమోదును కూడా పేర్కొనడానికి ఆ పుట అడుగున ఒక పంక్తి ఖాళీ ఉంచమని చెప్పాను.

భవదీయుడు,
మీ రిఫరెన్స్ విభాగాల పాఠకుడు